ట్యాబ్ బ్యాటరీ ఎందుకు త్వరగా ముసలిదవుతుంది?

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. అవి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ రకం. 8.7 అంగుళాల తెర, 5,100 ఎంఏహెచ్ బ్యాటరీ. ఆ పిల్లలు పదో తరగతి దాటిపోయారు. వాళ్ల ట్యాబ్ కింద పడి పగిలిపోకుండా ఉంటే ప్రాసెసరూ తెరా స్పీకరూ ఇంకా చాలాకాలం పనిచేయగలవు. వాడినా వాడకపోయినా రోజురోజుకూ అరిగిపోయేది బ్యాటరీ ఒక్కటే. డబ్బు పెట్టి కొన్న ఖరీదైన ఐప్యాడ్‌కైనా ఇదే వరస. మూడేళ్లు గడిచేసరికి ఇంట్లో మొదలయ్యే ఫిర్యాదు కూడా ఒకటే: ఛార్జింగ్ ఆగట్లేదు.

ఈ ఫిర్యాదుకు దొరికే సలహాలు లెక్కలేనన్ని. వాటిలో చాలావరకు ఒకదానితో ఒకటి పొసగవు. పూర్తిగా అయిపోయాకే ఛార్జింగ్ పెట్టమనేవాళ్లు ఉన్నారు, 20 శాతం కిందికి దిగనివ్వొద్దనేవాళ్లు ఉన్నారు. యాప్‌లన్నీ మూసేయమని ఒకరంటే, ముట్టుకోవద్దని ఇంకొకరంటారు. ఇంత గందరగోళం ఎందుకంటే, రెండు వేర్వేరు సమస్యలను ఒకే గాటన కడుతున్నాం. పొద్దున నింపిన ఛార్జి సాయంత్రం దాకా రావడం ఒక సంగతి. బ్యాటరీ రెండేళ్లకు చతికిలపడకుండా ఐదేళ్లు నిలవడం ఇంకో సంగతి. మొదటిదానికి పనికొచ్చే చిట్కా రెండోదానికి పనికిరాకపోవచ్చు. మన శ్రద్ధంతా మొదటిదాని మీదే ఉంది. నా దృష్టిలో పెద్దది రెండోదే, ముఖ్యంగా మనలాంటి ఎండల దేశంలో.

ముందు పూట గడవడం సంగతి చూద్దాం. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌లో ఉన్నది 25 వాట్ అవర్ల బ్యాటరీ. పది గంటలు వస్తుందని ఆపిల్ చెప్పింది. 2012లో వచ్చిన మూడో తరం ఐప్యాడ్‌లో బ్యాటరీని ఏకంగా 42.5 వాట్ అవర్లకు పెంచారు. అంటే 70 శాతం ఎక్కువ. అయినా చెప్పిన మాట అదే: పది గంటలు. పెరిగినదంతా ఎటు పోయింది? ప్రధానంగా తెరకు పోయింది. ఆ ఏడాది తెర మీది చుక్కల సంఖ్యను 1024×768 నుంచి 2048×1536కు, అంటే నాలుగింతలు చేశారు. చుక్కలు చిన్నవై దగ్గరపడితే వాటి వెనక నుంచి వచ్చే వెలుతురు తక్కువగా బయటపడుతుంది, అందుకని వెనక దీపాలు ఇంకా గట్టిగా వెలగాలి. ఆ వెలిగించే భారం బ్యాటరీ మీద పడింది.

ఫోన్‌కూ ట్యాబ్‌కూ ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. ట్యాబ్‌లో తెర పెద్దది, మామూలు వాడకంలో బ్యాటరీని అన్నిటికంటే ఎక్కువ తినేది అదే. కాబట్టి బ్రైట్‌నెస్ తగ్గించడమే మిగతా చిట్కాలన్నిటి కంటే బలమైనది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద చదువుకొనేటప్పుడు సగం బ్రైట్‌నెస్ కూడా అక్కర్లేదు. ఆటో బ్రైట్‌నెస్ పెట్టి వదిలేసినా మేలే. రెండు నిమిషాలకు ఆరిపోయే తెరను ముప్పై సెకన్లకు తగ్గించండి. పిల్లలు ట్యాబ్‌ను పక్కన పడేసి ఆడుకోవడానికి పోయే ఇళ్లలో ఈ ఒక్క మార్పే చాలా కలిసొస్తుంది.

డార్క్ మోడ్ గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. నల్లటి తెర బ్యాటరీని ఆదా చేస్తుందన్నది ఓఎల్‌ఈడీ తెరలకే వర్తిస్తుంది. వాటిలో ఒక్కో చుక్క తనంతట తానే వెలుగుతుంది, నల్లగా ఉన్నచోట ఆరిపోయి ఉంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఓఎల్‌ఈడీ ఫోన్ల మీద దీన్ని కొలిచారు. బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల సగటున మిగిలింది 3 నుంచి 9 శాతమే. నూటికి నూరు శాతం బ్రైట్‌నెస్‌లో అయితే 39 నుంచి 47 శాతం. అంటే ఎండలో నిలబడి చూసేవాళ్లకు గొప్ప లాభం, గదిలో చూసేవాళ్లకు స్వల్ప లాభం. ఇక ఎల్‌సీడీ తెరల్లో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందు నలుపు చూపించినా తెలుపు చూపించినా దాని ఖర్చు దానిదే. మన దగ్గర అమ్ముడయ్యే చవక ట్యాబ్‌లలో, బడిపిల్లలకు పంచిన ట్యాబ్‌లో ఉన్నది ఎల్‌సీడీయే. అక్కడ డార్క్ మోడ్ కళ్లకు హాయి అనుకుంటే పెట్టుకోవచ్చు, బ్యాటరీ కోసమైతే అక్కర్లేదు.

తెర తర్వాత చూడాల్సింది సిగ్నల్. సిమ్ ఉన్న ట్యాబ్ టవర్‌కు దూరంగా ఉంటే అందుకోవడానికి మరింత గట్టిగా ప్రసారం చేయాల్సి వస్తుంది. ఏజెన్సీ గ్రామాల్లో, గోడలు మందంగా ఉన్న పాత ఇళ్లలో ఏమీ చేయకుండానే బ్యాటరీ కరిగిపోవడానికి ఇదొక కారణం. వైఫై దొరికేచోట వైఫై వాడి, పాఠాల వీడియోలను ముందే డౌన్‌లోడ్ చేసుకొని, చూసేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. పంచిన ట్యాబ్‌లలో పాఠాలను ముందే నింపి ఇవ్వడం ఈ కోణంలో మంచి నిర్ణయం. వీడియోలోనే మరో చిక్కుంది. వీడియోను విప్పి చూపించే పనికి చిప్‌లో ప్రత్యేక భాగం ఉంటుంది, అది చాలా తక్కువ కరెంటుతో పని ముగిస్తుంది. కానీ ఏవీ1 లాంటి కొత్త తరహా వీడియోకు పాత చిప్‌లో ఆ భాగం ఉండదు. అప్పుడు ఆ బరువంతా ప్రధాన ప్రాసెసర్ మీద పడి ట్యాబ్ వేడెక్కుతుంది. సినిమా చూస్తుంటే వెనకభాగం కాలుతోందంటే ఒకసారి క్వాలిటీ తగ్గించి చూడాలి. ఎనిమిది అంగుళాల తెర మీద 720కీ 1080కీ తేడా కంటికి పెద్దగా తెలియదు.

యాప్‌లను ఒక్కొక్కటిగా పైకి తోసి మూసేసే అలవాటు దాదాపు అందరిలో ఉంది. దానివల్ల మేలు లేదు. మెమరీలో నిద్రపోతున్న యాప్ బ్యాటరీని పెద్దగా తినదు. దాన్ని చంపి మళ్లీ మొదటినుంచి తెరవడానికే ఎక్కువ పని అవుతుంది. 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అనే ఏర్పాటు, 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన అడాప్టివ్ బ్యాటరీ ఈ పనిని మనకంటే బాగా చేస్తాయి. బ్యాటరీ కాపాడతామని చెప్పుకొనే క్లీనర్, బూస్టర్ యాప్‌లు తామే వెనకాల నడుస్తూ, ప్రకటనలు చూపిస్తూ ఉంటాయి. వాటిని తీసేయడమే బ్యాటరీకి చేసే సేవ. సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో ఏ యాప్ ఎంత తిన్నదో లెక్క ఉంటుంది. ఊహలతో పని లేకుండా అక్కడ పైనున్న రెండు మూడింటిని చూసుకుంటే చాలు.

ఇక అసలు సంగతికి, అంటే బ్యాటరీ ఏళ్ల తరబడి నిలవడం దగ్గరికి వద్దాం. ఇప్పుడు మనం వాడుతున్నది లిథియం అయాన్ బ్యాటరీ. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ మొదలుపెట్టిన పనిని, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్‌తో ముందుకు తీసుకెళ్లారు. 1985లో జపాన్‌లో అకిరా యోషినో దాన్ని వాడదగ్గ రూపానికి తెచ్చారు. 1991లో సోనీ మార్కెట్లో పెట్టింది. ముగ్గురికీ కలిపి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్ వయసు 97, నోబెల్ అందుకున్నవాళ్లందరిలోకీ ఆయనే పెద్ద. ఆ ముగ్గురి కష్టం ఇవాళ మన ఒళ్లో పెట్టుకొనే వస్తువులో ఉంది. దాన్ని రెండేళ్లలో పాడుచేసి పారేయడం నాకు బాధగానే ఉంటుంది.

ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు కోబాల్ట్ ఆక్సైడ్ వైపు నుంచి బయలుదేరి, మధ్యలోని ద్రవంలో ప్రయాణించి, గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి. వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. ఫ్యాక్టరీలో మొట్టమొదటిసారి నింపినప్పుడే గ్రాఫైట్ మీద ఒక పలుచని పొర ఏర్పడుతుంది. కాచిన పాల మీద మీగడ కట్టినట్టే, అది అందులోని సరుకును తీసుకొనే కడుతుంది. ఆ పొర ఉండాలి కూడా. అది లేకపోతే ద్రవం గ్రాఫైట్‌ను తాకి విచ్ఛిన్నమవుతూనే ఉంటుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ పొర మందమవుతుంది, మందమైన ప్రతిసారీ కొంత లిథియం అందులో చిక్కుకుపోయి తిరిగి రాదు. మనం ఛార్జింగ్ ఆగట్లేదని అంటున్నది ఎక్కువగా దీన్నే. ఈ మార్పును వేగవంతం చేసేవి రెండు. ఒకటి వేడి. రెండోది బ్యాటరీ నిండుగా ఉండటం, ఎందుకంటే నిండినప్పుడు లోపలి వోల్టేజి అన్నిటికంటే ఎక్కువ. మామూలుగా 3.7 వోల్టుల దగ్గర ఉండే సెల్, నూరు శాతానికి చేరేసరికి 4.2 వోల్టులు, కొత్త రకాల్లో 4.35 దాటి కూడా ఉంటుంది.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పే లెక్కలున్నాయి. కెనడాలో కాడెక్స్ అనే సంస్థను స్థాపించిన ఇసిడార్ బుక్‌మన్, బ్యాటరీ యూనివర్సిటీ పేరుతో ప్రచురించిన పట్టిక ఈ రంగంలో అందరికీ తెలిసినదే. వాడకుండా ఏడాదిపాటు పక్కన పెట్టిన లిథియం అయాన్ బ్యాటరీ గురించి అది చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జితో పెడితే ఏడాది తర్వాత సామర్థ్యంలో 96 శాతం మిగులుతుంది. అదే 25 డిగ్రీల దగ్గర పూర్తిగా నింపి పెడితే 80 శాతం. 40 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జితో 85, నిండుగా ఉంటే 65 శాతం. ఇవి పట్టికలోని అంకెలే, ప్రతి బ్యాటరీకీ అచ్చంగా ఇలాగే జరగాలని లేదు. అయినా అవి చూపించే దిశ మాత్రం ఖాయం. నిండుగా నింపి, వేడిలో ఉంచితే, ఒక్కసారి కూడా వాడకుండానే మూడో వంతు పోతుంది.

40 డిగ్రీలంటే మనకు అరుదైన అంకె కాదు. రెంటచింతల, రామగుండం, ఖమ్మం పేర్లు ప్రతి మే నెలలో వార్తల్లో చదువుతాం. రేకుల కప్పు ఇంట్లో మధ్యాహ్నం లోపలి వేడి బయటి వేడికి తీసిపోదు. ఎండలో నిలబెట్టిన కారులో 60 డిగ్రీలకు కూడా చేరుతుంది. ఆపిల్ తన పరికరాలను 16 నుంచి 22 డిగ్రీల మధ్య వాడటం మేలని, 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా దెబ్బతినవచ్చని చెబుతుంది. ఆ 35 డిగ్రీలు మన దగ్గర మార్చి నెలకే దాటిపోతాయి. చల్లటి దేశాల్లో రాసిన సలహాలను ఇక్కడ ఉన్నదున్నట్టు పాటించలేం. అక్కడ వేడి ఒక అదనపు జాగ్రత్త, ఇక్కడ అదే మొదటి జాగ్రత్త.

అందుకని వేసవిలో ట్యాబ్‌ను మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామున ఛార్జింగ్ పెట్టడం మంచిది. ఛార్జింగ్‌లో ట్యాబ్ తనంతట తానే వేడెక్కుతుంది, దానికి గది వేడి తోడవకూడదు. మందపాటి రబ్బరు కవర్ ఉంటే తీసేసి పెట్టాలి. పరుపు మీద, దిండు కింద, టీవీ వెనకాల, కిటికీ ఎండలో పెట్టకూడదు. ఫ్యాను గాలి తగిలే బల్ల మీద పెడితే చాలు. ఛార్జింగ్‌లో ఉండగా ఆటలు ఆడటం అన్నిటికంటే చెడ్డది, అప్పుడు ప్రాసెసర్ వేడీ ఛార్జింగ్ వేడీ బ్యాటరీ నిండుతనమూ మూడూ కలుస్తాయి. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. లోపల తేమ పట్టి సర్క్యూట్ పాడయ్యే ప్రమాదముంది కాబట్టి ఆ పని వద్దు. ఇక చలిదేశాల్లో ఉన్న మనవాళ్లకు వేరే జాగ్రత్త కావాలి. గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెడితే లిథియం గ్రాఫైట్‌లోకి వెళ్లకుండా దాని మీదే లోహంగా పేరుకుపోతుంది, అది ప్రమాదకరం కూడా. టొరంటోలో రాత్రంతా కారులో వదిలేసిన ట్యాబ్‌ను ఇంట్లోకి తెచ్చి, గది వెచ్చదనానికి వచ్చాకే పిన్ను పెట్టాలి.

రెండో శత్రువు నిండుతనం. పూర్తిగా అయిపోయాకే నింపాలి, నూరు శాతం నింపాలి అన్నది నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలపు మాట. వాటికి మెమరీ ఎఫెక్ట్ అనే జబ్బు ఉండేది. లిథియం అయాన్‌కు ఆ జబ్బు చెప్పుకోదగ్గంతగా లేదు. దీనికి అటూ ఇటూ అంచులే పడవు. బుక్‌మన్ లెక్క ప్రకారం, గరిష్ఠ వోల్టేజిని 0.1 తగ్గించిన ప్రతిసారీ బ్యాటరీ భరించగల సైకిళ్ల సంఖ్య సుమారు రెట్టింపవుతుంది. 4.2 వోల్టుల వరకు నింపితే 300 నుంచి 500 సైకిళ్లు వచ్చే చోట, 4.1 దగ్గర ఆపితే 600 నుంచి 1,000 వస్తాయి. బ్యాటరీ శాతం ప్రకారం చూస్తే అది 80, 90 మధ్య ఆపడం. ఒక సైకిల్ అంటే ఒకసారి పిన్ను పెట్టడం కాదు, మొత్తంగా నూరు శాతం వాడకం. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండు రోజులకు కలిపి ఒకటి. కాబట్టి మధ్యమధ్యలో కాస్త కాస్త నింపుకుంటే నష్టమేమీ లేదు.

తయారీదారులు కూడా దీన్ని ఒప్పుకొని ఏర్పాట్లు చేస్తున్నారు. శాంసంగ్ చాలా ట్యాబ్‌లలో ప్రొటెక్ట్ బ్యాటరీ పేరుతో 85 శాతం దగ్గర ఆగే సౌకర్యం పెట్టింది, తర్వాత 80 దగ్గర ఆపే పద్ధతి కూడా తెచ్చింది. ఆపిల్ 2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఐప్యాడ్ ఎయిర్‌లలో 80 శాతం పరిమితి పెట్టుకొనే వీలిచ్చింది. మీ ట్యాబ్‌లో ఈ సౌకర్యం ఉంటే ఇప్పుడే ఆన్ చేయండి. రోజూ ఇరవై శాతం వదులుకోవడం నష్టంలా అనిపిస్తుంది. ఇంట్లో పిన్ను అందుబాటులో ఉండే పరికరానికి అది నష్టం కాదు. ప్రయాణం ఉన్న రోజు పూర్తిగా నింపుకోవచ్చు, ఒక్కరోజు నిండుతనం బ్యాటరీని చంపదు.

రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేస్తే పేలుతుందన్న భయం గురించి ఒక్క మాట. సరైన అడాప్టరు, పాడవని బ్యాటరీ అయితే లోపలి సర్క్యూట్ నూరు దగ్గర ఆపేస్తుంది, పేలదు. అయితే తెల్లవార్లూ నూరు దగ్గరే నిలబడి ఉంటుంది, అది ముసలితనాన్ని తొందరపెడుతుంది. 80 పరిమితి ఉంటే ఆ ఇబ్బందీ లేదు. ఈ సమస్య అసలు తీవ్రంగా కనిపించేది ఇళ్లలో కాదు, దుకాణాల్లో. బిల్లింగ్ కౌంటరు మీద, ఆసుపత్రి రిసెప్షన్‌లో, హోటల్లో ఆర్డరు తీసుకోవడానికి పెట్టిన ట్యాబ్‌లు ఏడాది పొడవునా పిన్నుకే వేలాడుతుంటాయి. నిత్యం నిండుగా, నిత్యం వెచ్చగా ఉండే వాటిలో ద్రవం విచ్ఛిన్నమై గ్యాస్ పుడుతుంది, సంచి లాంటి సెల్ ఉబ్బి తెరను పైకి నెడుతుంది. తెర అంచు లేచినట్టు కనిపించిందంటే ఛార్జింగ్ ఆపేసి, స్విచాఫ్ చేసి, మంటకు దూరంగా పెట్టాలి. సూదితో పొడిచి గ్యాస్ తీయాలని చూడకూడదు, అది అంటుకుంటుంది. దుకాణాల్లాంటి చోట్ల ట్యాబ్‌ను పగటి పూట కొన్ని గంటలు మాత్రమే ఛార్జ్ అయ్యేలా టైమర్ ప్లగ్ పెడితే తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది.

కింది అంచు కూడా చెడ్డదే. సెలవులకు బీరువాలో పడేసిన ట్యాబ్ బ్యాటరీ సున్నా దగ్గర నెలల తరబడి ఉంటే, వోల్టేజి ఇంకా కిందికి జారి, లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా లేవదు. దాచిపెట్టేటప్పుడు సగం ఛార్జి ఉంచి, పూర్తిగా స్విచాఫ్ చేసి, ఇంట్లో చల్లగా ఉండే అరలో పెట్టాలి. కొన్ని నెలలకోసారి తీసి మళ్లీ సగానికి తేవాలి.

నెలకోసారి పూర్తిగా సున్నాకు తెచ్చి నూరుకు నింపితే బ్యాటరీ బలపడుతుందంటారు. బ్యాటరీ బలపడదు. తెర మీద కనిపించే శాతం ఒక అంచనా మాత్రమే, ఆ అంచనా తప్పుతున్నప్పుడు, అంటే 30 శాతం చూపిస్తూ హఠాత్తుగా ఆరిపోతున్నప్పుడు, ఇలా ఒకసారి చేస్తే లెక్క సరిపడుతుంది. అంతకుమించి చేయడం అరుగుదలే.

ఇంకో లెక్క కూడా చూడాలి. 5,100 ఎంఏహెచ్ అంటే సుమారు 19 వాట్ అవర్లు. ఛార్జర్‌లో పోయే నష్టంతో కలిపి 25 అనుకున్నా, నెలంతా రోజూ పూర్తిగా నింపితే ఒక యూనిట్ కరెంటు కూడా కాలదు. కాబట్టి ఇక్కడ కాపాడుతున్నది కరెంటు బిల్లును కాదు. పవర్ బ్యాంక్ మీద రాసిన 10,000 ఎంఏహెచ్ కూడా లోపలి సెల్ వోల్టేజి దగ్గరి లెక్క. 5 వోల్టులకు పెంచి బయటికి పంపేటప్పుడు చేతికొచ్చేది ఆరు వేల చిల్లర. ట్యాబ్‌ను రెండుసార్లు నింపుతుందని కొంటే ఒకసారితో సరిపెట్టుకోవాలి.

ఇంత చేసినా బ్యాటరీ ఏదో ఒకనాడు చివరికొస్తుంది. ఆపిల్ ఐప్యాడ్ బ్యాటరీలను 1,000 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలిచేలా రూపొందించామంటుంది, అది కూడా అనుకూలమైన పరిస్థితుల్లో. ఆ రోజు వచ్చాక కొత్త బ్యాటరీ వేయించుకోగలిగితే ట్యాబ్‌కు ఇంకో మూడేళ్ల ఆయుష్షు. అక్కడే వాడేవాళ్ల చేతులు కట్టేశారు. చాలా ట్యాబ్‌లలో బ్యాటరీని జిగురుతో అతికిస్తారు. దాన్ని తీయాలంటే తెరను వేడిచేసి, పగలకుండా పైకి లేపి, సెల్ వంగకుండా ఊడదీయాలి. మెకానిక్ కూలీ, విడిభాగం ధర కలిస్తే చవక ట్యాబ్ ఖరీదులో మంచి భాగం అవుతుంది. అందుకే బాగుచేయించకుండా పక్కన పడేస్తారు. వాడేవాళ్లకు వంద జాగ్రత్తలు చెప్పి, తయారుచేసేవాళ్లను ఏమీ అడగకపోవడం న్యాయం కాదు.

యూరప్ అడిగింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ కొత్తగా అమ్మకానికి వచ్చే ఫోన్లు, ట్యాబ్‌ల బ్యాటరీలు 800 సైకిళ్ల తర్వాత కనీసం 80 శాతం నిలబెట్టాలి, ముఖ్యమైన విడిభాగాలు అమ్మకాలు ఆగాక కూడా ఏడేళ్లు దొరకాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి పరికరాల్లోని బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకోగలిగేలా ఉండాలన్న నిబంధన అమల్లోకి వస్తుంది. 1,000 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం నిలిపి, నీటిని తట్టుకొనే ఫోన్లకు, ట్యాబ్‌లకు కొంత సడలింపు ఉంది. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అదే ఏడాది డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. రెండూ అవసరమైనవే. అయితే మొదటిది బ్యాటరీ చచ్చాక పనికొచ్చేది, రెండోది సమాచారం ఇచ్చేది. ట్యాబ్ తయారయ్యే దశలోనే బ్యాటరీ మార్చుకొనే వీలుండాలని నిర్బంధించే నియమం ఇంకా కావాలి.

అంతదాకా ఆగనక్కర్లేని చోటు ఒకటుంది. ప్రభుత్వాలు లక్షల సంఖ్యలో ట్యాబ్‌లు కొంటాయి. అంత పెద్ద కొనుగోలుదారు టెండరులో రాసిన షరతును ఏ కంపెనీ కాదనదు. ఛార్జింగ్ 80 దగ్గర ఆగే సౌకర్యం ముందే ఆన్ చేసి ఇవ్వాలని, బ్యాటరీని మామూలు స్క్రూడ్రైవర్‌తో తీసి మార్చే వీలుండాలని, విడి బ్యాటరీ ఐదేళ్లపాటు జిల్లా కేంద్రంలో నిర్ణీత ధరకు దొరకాలని, 45 డిగ్రీల ఎండను దృష్టిలో పెట్టుకొని పరీక్షించాలని నాలుగు షరతులు చేరిస్తే చాలు. ఎనిమిదో తరగతిలో చేతికొచ్చిన ట్యాబ్ ఆ పిల్లకు ఇంటర్ అయ్యేదాకా పనికొస్తుంది, ఆ తర్వాత తమ్ముడికో చెల్లెలికో అందుతుంది.